పదకొండు రోజుల మీద పద్నాలుగు నెలలు

మా వీధి చివరింటి అమ్మాయికి ఈమధ్య యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, "తాతగారూ, నన్ను సిండికేట్ సెక్షన్లో ఏసేరు. అక్కడ ఏటి పనుంటాది?" అని అడిగింది. "ఏమీ ఉండదమ్మా, అదే కష్టం" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను నవ్వులాటకి అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవన్నీ సర్వీసు రిజిస్టరులో భద్రంగా ఉన్నాయి. దాన్ని చదివేవాడు ఇంకా పుట్టలేదు. నాకు బుద్ధి వచ్చిన సంగతి ఒక్కటి చెబుతాను. అది ఏ రిజిస్టరులోనూ లేదు.

గోడవార కుర్చీ

నేను చోడవరం నుంచి వెళ్ళి యూనివర్సిటీలో గుమాస్తాగా చేరింది యాభైల మొదట్లో. సిండికేట్ అంటే యూనివర్సిటీకి పాలకమండలి. పన్నెండు పదమూడు మంది పెద్దలు. వైస్ ఛాన్సలర్ గారు అధ్యక్షులు. రెండు నెలలకోసారి పొడుగాటి టేకు బల్ల చుట్టూ కూర్చునేవారు. కాలేజీలకు గుర్తింపు, ప్రొఫెసర్ల నియామకాలు, పరీక్షలకు మినహాయింపులు, అన్నీ వారు 'ఊఁ' అంటేనే. వారు అన్నది రాసుకోవడానికి గోడవారగా ఒక కుర్చీ ఉండేది. అందులో నేను.

పదమూడు మందిలోనూ మీరు గుర్తుపెట్టుకోవలసింది ముగ్గురినే. ఒకరు వకీలు గారు. ఏ విషయం వచ్చినా "దీనికి పూర్వం దాఖలా ఉందా?" అనేవారు. ఆయన పుట్టుకకు పూర్వం దాఖలా ఉందో లేదో ఎవరూ అడగలేదు. రెండోవారు ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారు. "ఇవాళ ఇది ఒప్పుకుంటే రేపు?" అనేది ఆయన ప్రశ్న. ఆ రేపటి భయంతో ఆయన ఏ ఇవాళనీ ఒప్పుకోలేదు. మూడోవారు జమీందారు గారు. జమీ పోయింది, గారు మిగిలింది. కళ్ళు తెరిచి నిద్రపోయే విద్య ఆయనకు తెలుసు. సభ్యులందరిలోనూ ఎవరికీ హాని చెయ్యనివారు ఆయనే.

మా సూపరింటెండెంటు జగన్నాథం గారిది విజయనగరం. బుగ్గన కిళ్ళీ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. చేరిన రోజున నన్ను ఎదురుగా నిలబెట్టి అన్నారు:

"ఒరే సన్యాసీ, సిండికేట్ పల్లకీలో పెళ్ళికొడుకులాటిది. ఊరేగింపు ఆయనది, బోయీలం మనం. ఎటు మోసుకెళ్తే అటే ఎల్తాడు. కానీ ఒకటి సూసుకో. మనం మోస్తన్నట్టు ఆయనకి తెలియకూడదు."

నా పూర్తి పేరు సన్యాసిరావు. ఆయన నోట ఆ 'రావు' ఎప్పుడూ రాలేదు.

మామూలు విషయాలు

ప్రతి సమావేశానికీ విషయాల జాబితా రెండు భాగాలుగా తయారయ్యేది. మొదటి భాగం చర్చించవలసిన విషయాలు. రెండో భాగం మామూలు విషయాలు. సెలవులు, పరీక్షాధికారుల మార్పులు, హాజరు తక్కువైన విద్యార్థులకు మన్నింపులు, ఇలాంటివి యాభై అరవై ఉండేవి. మొదటి భాగం అయ్యేసరికి భోజనాల వేళయ్యేది. "రెండో భాగం చదివినట్టే కదా?" అనేవారు వైస్ ఛాన్సలర్ గారు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడే సమాధానం. యాభై అరవై మంది తలరాతలు ఆ చప్పుడులో తేలిపోయేవి.

మొదటి భాగం ఎలా నడిచేదో కూడా చెప్పాలి. ఒకసారి స్నాతకోత్సవం గౌన్ల అంచు కుంకుమరంగు ఉండాలా, ముదురెరుపు ఉండాలా అని గంటన్నర చర్చ జరిగింది. గుడ్డముక్కలు కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఎండలో చూశారు, లోపలికి తెచ్చి నీడలో చూశారు. ప్రిన్సిపాల్ గారు "ఇవాళ కుంకుమ అంటే రేపు పసుపు అంటారు" అన్నారు. అదే రోజున సైన్సులో ఒక కొత్త కోర్సు, మూడేళ్ళ పాఠ్యప్రణాళికతో సహా, కాఫీ చల్లారేలోగా ఆమోదం పొందింది. గౌను అందరికీ తెలుసు. సైన్సు కొందరికే తెలుసు. తెలిసినదాని మీదే కదా మనిషి మాట్లాడగలడు!

మినిట్సు ఇంగ్లీషులో రాసేవాళ్ళం. ఆ ఇంగ్లీషుకి అర్థాలు జగన్నాథం గారే నేర్పారు. 'నమోదు చేయడమైనది' అంటే ఎవరూ చదవలేదు. 'వాయిదా వేయడమైనది' అంటే ఒకరు చదివారు, మిగిలినవారికి కోపం వచ్చింది. 'సుదీర్ఘంగా చర్చించిన మీదట' అంటే వర్షం వచ్చి కార్లు కదల్లేదు. 'ఉపసంఘానికి అప్పగించడమైనది' అన్నదాని అర్థం మాత్రం ఆయన చెప్పలేదు. "అది ఎవడికాడు నేర్సుకోవాలిరా" అన్నారు.

నేర్చుకున్నాను. నేర్పించింది కరుణమ్మ గారు.

నేను చేసిన మేలు

కరుణమ్మ గారు చోడవరంలో ఆడపిల్లల మిడిల్ స్కూల్లో టీచరు. బుచ్చయ్యపేట దగ్గర చెరకు పండించుకునే క్రైస్తవుల కుటుంబం. వయసులో నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్న. అప్పట్లో కాలేజీకి వెళ్ళకుండా బి.ఏ. పరీక్ష రాయాలంటే కొన్నాళ్ళు టీచరుగా పనిచేసి ఉండాలి, సిండికేట్ మినహాయింపు ఇవ్వాలి. ఆవిడ పరీక్ష రాశారు. మార్కులు బాగానే వచ్చాయి. ఫలితం మాత్రం ఆపేశారు. కారణం, ఉండవలసిన సర్వీసుకి పదకొండు రోజులు తక్కువ. టైఫాయిడ్ వచ్చి మంచం పట్టిన రోజులు అవి.

మా ఊరి స్కూల్ని ఆ మరుసటి జూన్లో హైస్కూలు చెయ్యడానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్ట్రెస్ గారు ఒప్పుకున్నారు. షరతు ఒకటే, హెడ్ మిస్ట్రెస్‌కి డిగ్రీ ఉండాలి. డిగ్రీ ఉన్న ఆడమనిషి ఎవరూ చోడవరం రావడానికి ఇష్టపడలేదు. మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, పూర్తయిన ఆడపిల్లల్ని నాలుగో ఫారానికి మగపిల్లల హైస్కూలుకి పంపే తండ్రులు మా తాలూకాలో వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. అంటే కరుణమ్మ గారి డిగ్రీ కాగితం మీద ఒక తరగతి మొత్తం ఆధారపడి ఉంది.

ఆ ఫైలు నా బల్ల మీదకి వచ్చింది. పదకొండు రోజుల మన్నింపు. రెండో భాగంలో రెండు వాక్యాలు రాసి పడేస్తే కుర్చీల చప్పుడులో అయిపోయేది. నేను అలా చెయ్యలేదు. మా ఊరి మనిషి, న్యాయమైన సంగతి, ఇంత ముఖ్యమైన విషయాన్ని ఎవరూ చదవని భాగంలో పెట్టడమేమిటి అనుకున్నాను. ఆరు పేజీల నోటు రాశాను. మా తాలూకాలో ఆడపిల్లల చదువు, టైఫాయిడ్ తీరు, సర్వీసు నిబంధన వెనక ఉన్న ఉద్దేశం, అన్నీ రాశాను. మొదటి భాగంలో నాలుగో అంశంగా పెట్టాను.

జగన్నాథం గారు ఆ వారం సెలవులో ఉన్నారు. లేకపోతే నా చెయ్యి విరిచేవారు.

జులై సమావేశంలో సిండికేట్ ఆ నోటును చాలా శ్రద్ధగా తీసుకుంది. ఆరు పేజీలు ఉందంటే ఏదో ప్రమాదం ఉండే ఉంటుందని అందరికీ అనిపించింది. వకీలు గారు, "పదకొండు రోజులకి పూర్వం దాఖలా ఉందా?" అన్నారు. తొమ్మిది రోజులకి ఉంది, పద్నాలుగు రోజులకి ఉంది, పదకొండుకి లేదు. ప్రిన్సిపాల్ గారు, "ఇవాళ పదకొండు రోజులంటే రేపు పదకొండు నెలలంటారు" అన్నారు. జమీందారు గారు నిద్రలోనే తల ఊపారు. ఆ ముగ్గురినీ ఉపసంఘంగా వేశారు, వకీలు గారు కన్వీనరు.

సెలవు నుంచి వచ్చిన జగన్నాథం గారు మినిట్సు చదివి, నన్ను పిలిచారు.

"ఏటిరా ఇది?"

"ముఖ్యమైన విషయం కదండీ, అందుకని..."

"ముఖ్యమైందని ఎవడికైనా సెప్తావురా? రెండో భాగం సంగతైతే, తొందరున్నప్పుడు వైస్ ఛాన్సలర్ గారే సంతకం పెట్టి, తరవాత సిండికేటుకి సెప్పుకునీవోరు. ఇప్పుడు సిండికేటే సేతిలోకి తీసుకుంది. ఇంక ఆయనా ముట్టుకోలేరు, బెమ్మదేవుడూ ముట్టుకోలేడు. ఒక ఆడకూతురి బతుకు తీసుకెళ్ళి ముగ్గురు పెద్దమనుషుల తీరికకి కట్టేసేవు."

ఆ ఉపసంఘం ఆ తరవాత ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. వకీలు గారికి కోర్టులున్న రోజున ప్రిన్సిపాల్ గారికి తీరిక. ప్రిన్సిపాల్ గారికి పరీక్షలున్న రోజున వకీలు గారికి తీరిక. ఇద్దరికీ తీరికైన రోజున జమీందారు గారు ఏ ఊళ్ళో ఉన్నారో ఎవరికీ తెలిసేది కాదు.

బజార్లో

మే నెలలో సెలవు పెట్టి చోడవరం వచ్చాను. బజార్లో మామిడిపళ్ళ బుట్టల దగ్గర కరుణమ్మ గారు కనబడ్డారు. తప్పించుకుందామని పక్క సందులోకి తిరిగాను. ఆవిడ గొంతు విద్యార్థుల్ని పిలిచినట్టే పిలిచింది.

"సన్యాసిరావు గారూ, నన్ను సూసి ఎల్లిపోతన్నారేటండీ?"

ఆగాను. ఉపసంఘం గురించి, సభ్యుల వీలు గురించి ఏదో చెప్పబోయాను. ఆవిడ మధ్యలో ఆపలేదు, చివరిదాకా విన్నారు. అదే ఇంకా కష్టం.

"పదకొండు రోజులు నేను జొరంతో పడున్నానండీ. పన్నెండో రోజున లేచి బడికెళ్ళేను. మీవోళ్ళు పది నెలలై లేవడం లేదు. ఆళ్ళకి ఏ జొరమండీ?"

పళ్ళమ్మే ముసలమ్మ కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడకీ రాలేదు.

"వచ్చే నెల బడి తెరుస్తాం. మూడో ఫారం ఐపోయిన గుంటలు పంతొమ్మిది మంది ఉన్నారు. ఆళ్ళ ఇళ్ళకెళ్ళి, ఆగండి ఆగండి అని సెప్తన్నాను. నేను సెప్తే ఎన్నాళ్ళు ఆగుతారండీ? పెళ్ళిసంబంధాలు ఆగుతాయా?"

నోటు రాసింది నేనేనని, మొదటి భాగంలో పెట్టింది నేనేనని ఆవిడకి తెలియదు. ఆ రోజున నేను చెప్పలేదు. ఇంత రాశాక దాచడం దేనికి, భయపడ్డాను.

మూడు సంతకాలు

తిరిగి వెళ్ళగానే జగన్నాథం గారి కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఆయన కిళ్ళీ పక్కకి నెట్టి అన్నారు:

"పెద్దది చేసింది నువ్వే కదా, మళ్ళీ సిన్నది చెయ్యి. ఉపసంఘం కూచోనక్కర్లేదు. కాయితం తిప్పి సంతకాలు తీసుకున్నా నివేదికే. మూడు లైన్లు రాయి, నాలుగోది రాసేవంటే నేనూరుకోను. ముందర జమీందారు గారి దగ్గరికెళ్ళు."

"కన్వీనరు వకీలు గారు కదండీ?"

"ఆయన సదువుతాడురా. జమీందారు గారు సదవరు. ఒకడు సంతకం పెట్టి ఉంటే, ఆడు సదివే పెట్టేడనుకుంటాడు రెండోవోడు."

అక్షరాలా అలాగే జరిగింది. జమీందారు గారు పెరుగన్నం తింటూ ఎడం చేత్తో పెట్టారు సంతకం. ప్రిన్సిపాల్ గారు ఆ సంతకం చూసి, "రాజా వారు పరిశీలించారన్న మాట" అని కలం తీశారు. వకీలు గారి వరండాలో మాత్రం అలా జరగలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిజంగానే చదివారు.

"ఈమెకి వచ్చింది టైఫాయిడా? ఆ సంగతి మొదటి నోటులో లేదే!"

"ఉందండీ. మూడో పేజీలో."

"మూడో పేజీ దాకా ఎవడు చదువుతాడయ్యా? ఆరు పేజీలు రాసిన ఆ మహానుభావుడెవరు?"

"నేనేనండీ."

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశారు. "జబ్బుచేసి పదకొండు రోజులు అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ రోజే అయిపోయేది" అన్నారు. సంతకం పెట్టారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో చెడ్డవాళ్ళు చాలా తక్కువ. నా కోపానికి ఆసరా దొరక్కుండా చేసింది అదే.

కప్పలు

జులై సమావేశానికి నివేదిక సిద్ధం. మూడు రోజుల ముందు ఒక పాత సభ్యుడు కాలం చేశారు. సంతాప తీర్మానం చేసి, గౌరవసూచకంగా సమావేశం వాయిదా వేశారు. పోయినాయనకి గౌరవం జరిగింది. బతికున్నవాళ్ళు సెప్టెంబరు దాకా ఆగారు.

సెప్టెంబరులో రెండో భాగంలో నలభై ఏడో అంశంగా పెట్టాం. నలభై ఆరు, జంతుశాస్త్ర విభాగానికి కప్పలు పట్టి తెచ్చే మనిషి నియామకం. "రెండో భాగం చదివినట్టే కదా?" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. కుర్చీలు జరగబోయాయి. ఆ ఏడాదిలో మొదటిసారి రెండో భాగం మీద ప్రిన్సిపాల్ గారు చెయ్యెత్తారు.

"ఒక్క క్షణం. నలభై ఆరు."

 ఆ కింది వరుసలోనే ఉంది కరుణమ్మ గారి పేరు.

"కప్పలకి మనిషెందుకు? మా రోజుల్లో విద్యార్థులే పట్టుకొచ్చేవారు" అన్నారాయన. వకీలు గారు, "ఇంతకుముందు ఎవరు పట్టేవారో దాఖలా ఉందా?" అన్నారు. జమీందారు గారు హఠాత్తుగా నిద్రలేచి, "మా చెరువులో ఎన్ని కావాలంటే అన్ని. పంపించమంటారా?" అన్నారు. అరగంట నడిచింది. కప్పల మనిషి ఉద్యోగం వాయిదా పడింది. "మిగిలినవి?" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. ఆకలి మీదున్నారు అందరూ. చప్పుడు. అంతే.

పద్నాలుగు నెలలు ఆగిన విషయం ఒక్క చప్పుడులో అయిపోయింది. మీరు ఇక్కడ చప్పట్లు కొట్టబోతుంటే కొంచెం ఆగండి. అదే చప్పుడులో ఇంకా ఏవేవి అయిపోయాయో నేను అప్పట్లో చూడలేదు. తరవాత పాత మినిట్సు తిరగేస్తే, ఒకరి మేనల్లుడి నియామకం, ఒక మంచి లెక్చరరు మీద చర్య, ఇలాంటివి ఎన్నో అందులోంచే దూరిపోయి కనబడ్డాయి. వాటిని పెట్టిన గుమాస్తాలూ నాలాగే తమని తాము తెలివైనవాళ్ళమనుకుని ఉంటారు. తలుపు ఒకటే. నేను మంచి పనికి వాడానని దానికి తెలియదు.

వడ్డాది

ఫలితం ప్రకటించి టెలిగ్రాం ఇచ్చాం. కరుణమ్మ గారు పట్టభద్రురాలయ్యారు. అయితే జూన్ దాటిపోయింది. నాలుగో ఫారం ఆ ఏడు తెరవలేదు. మరుసటి జూన్లో తెరిచారు. అప్పుడు నేను సెలవు పెట్టి వెళ్ళి, స్కూల్లో ఆవిడ గదిలో నిలబడి, నోటు రాసింది నేనేనని చెప్పేశాను. ఏమైనా అంటారని ఎదురుచూశాను. ఆవిడ గొడుగు తీసుకుని లేచారు.

"వడ్డాది ఎల్తన్నాను. పంతొమ్మిది మందిలో నలుగురే వచ్చేరు. ఒక గుంట ఉంది, లెక్కల్లో దానికి సాటి లేదు. మీరూ రండి."

వడ్డాదిలో బస్సు దిగి పొలాల వెంట నడిచాం. ఆ అమ్మాయి తండ్రి పాకలో తాడు పేనుతున్నాడు. లేచి, తువ్వాలు దులిపి నాకు అరుగు చూపించాడు. పిల్లని బడికి పంపమని కరుణమ్మ గారు అడిగారు. అతను తల అడ్డంగా ఊపాడు.

"శ్రావణంలో పెళ్ళి టీచరమ్మగోరూ. మాట ఇచ్చేసినాం."

"ఒక్క ఏడాది ఆగండి బాబూ" అన్నాను నేను.

అతను నా వంక చూశాడు. కోపం లేదు, మర్యాదగానే అన్నాడు.

"నిరుడు ఆగేం కదా బాబూ. ఏడాది పొడుగునా పుస్తకాలు ముంగిట ఏసుకు కూకుంది. మీ ఆపీసోలు కాదన్నారని టీచరమ్మగోరు సెప్పేరు. పెద్దోలు, ఏదో ఆలోసించే కాదనుంటారని ఊరుకున్నాం. ఇప్పుడు మేం కాదంటే మీరొచ్చి అడుగుతన్నారేటి?"

 

అంతలో ఆ అమ్మాయి గడ్డిమోపుతో వచ్చింది. మోపు దించకుండానే అడిగింది.

"టీచరమ్మగోరూ, నాలుగో ఫారంలో లెక్కల పుస్తకం మారిపోతాదాండీ?"

"మారుతాదమ్మా" అన్నారు కరుణమ్మ గారు.

"ఐతే నా కాడున్నది పాతదన్నమాట" అని, మోపు సర్దుకుని పశువులపాక వైపు వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కరుణమ్మ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. 

ఆ తరవాత ఎన్నో ఏళ్ళు అదే గోడవార కూర్చుని మినిట్సు రాశాను. గౌన్ల అంచు రంగు ఉంది వాటిలో. కప్పలు ఉన్నాయి. పోయిన పెద్దలందరి పేర్లూ, బిరుదులతో సహా ఉన్నాయి. ఆ అమ్మాయి పేరు నూకరత్నం. అది ఎక్కడా లేదు. అందుకని ఇక్కడ రాశాను.